షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటి, ఎందుకంత ప్రమాదం? తరచుగా అడిగే ప్రశ్నలు

‘షార్ట్ సర్క్యూట్‌తో ఇల్లు దగ్ధం.’ ఎండలు ముదిరాయంటే జిల్లా పేజీల్లో ఈ శీర్షిక మళ్లీ మళ్లీ కనబడుతుంది. పిడుగు పడిందన్నట్టుగా, ఎవరి చేతుల్లోనూ లేనిదన్నట్టుగా వార్త అక్కడితో ముగిసిపోతుంది. చాలా ఏళ్లు విద్యుత్ పనుల మధ్య గడిపినవాణ్ణి కాబట్టి ఆ వార్త చదివిన ప్రతిసారీ నాకు తోచే ప్రశ్న వేరు: షార్ట్ అయితే అయింది, ఆ ఇంట్లో ఫ్యూజు ఎందుకు పోలేదు? బంధువులు, ఇరుగుపొరుగువారు, పొలాల దగ్గరి స్నేహితులు నన్ను అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

అసలు షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటి?

మన ఇంటికి వచ్చే కరెంటుకు రెండు తీగలు కావాలి. ఫేజ్ తీగలో వచ్చి, బల్బులోనో ఫ్యానులోనో పని చేసి, న్యూట్రల్ తీగలో తిరిగి వెళుతుంది. మధ్యలో ఉన్న బల్బో ఫ్యానో ఆ ప్రవాహానికి అడ్డు పడుతుంది. ఆ అడ్డునే నిరోధం అంటాం. ఎంత కరెంటు పారాలో నిర్ణయించేది అదే.

ఫేజ్, న్యూట్రల్ తీగలు పూత చెడిపోయి ఒకదానికొకటి తగిలాయనుకోండి. కరెంటుకు ఇక బల్బు దాకా వెళ్లవలసిన పని లేదు. అడ్డులేని దగ్గరి దారి దొరికింది. చివరి పొలానికి చేరవలసిన కాలువకు తూము దగ్గరే గండి పడితే ఏమవుతుంది? పొలానికి చుక్క చేరదు, గండి దగ్గర మాత్రం నీరు గట్టునే కోసుకుపోతుంది. షార్ట్ సర్క్యూట్ అలాంటి గండి.

కరెంటు ఎంత పెరుగుతుంది? వేడి ఎంత పుడుతుంది?

లెక్క వేసి చూద్దాం. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. 2000 వాట్ల గీజరు దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. మెయిన్ బోర్డు నుంచి 20 మీటర్ల దూరంలో, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చివర షార్ట్ అయిందనుకుందాం. పోను, రాను కలిపి 40 మీటర్ల తీగ. దాని నిరోధం సుమారు అర ఓమ్ (నిరోధానికి కొలత ఓమ్). వీధిలోని లైను, ట్రాన్స్‌ఫార్మర్, అతుకులు కలిపి ఇంకో అర ఓమ్ వేసుకుందాం. మొత్తం ఒక ఓమ్. 230 వోల్టులను ఒకటితో భాగిస్తే 230 ఆంపియర్లు!

గీజరుతో పోలిస్తే ఇది 26 రెట్లు. వేడి మాత్రం 26 రెట్లతో ఆగదు. అది ప్రవాహం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ప్రవాహం రెట్టింపయితే వేడి నాలుగింతలు, మూడింతలయితే తొమ్మిదింతలు. ఈ లెక్కన అదే తీగలో పుట్టే వేడి దాదాపు 700 రెట్లు. మామూలు పీవీసీ పూత 70 డిగ్రీల సెల్సియస్ వరకు నిరంతరం ఓర్చుకునేలా తయారవుతుంది. 230 ఆంపియర్లు పారితే ఆ సన్నని తీగ 70 నుంచి, పూత కొద్ది క్షణాలు మాత్రమే ఓర్చుకోగల 160 డిగ్రీలకు చేరడానికి అర సెకను చాలు. తీగలు తాకిన చోట గాలిలోంచి దూకే విద్యుత్ మెరుపు, అంటే ఆర్క్ వేడి మరీ ఎక్కువ, వేల డిగ్రీలు. రాగి కరిగేదే 1085 డిగ్రీల దగ్గర. షార్ట్ అయినప్పుడు టప్పున పేలి చిమ్మే నిప్పురవ్వలు చాలావరకు కరిగిన రాగి తుంపరలే. పక్కన పరదానో పరుపో ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంత వేడి పుట్టేటప్పుడు ప్రతి షార్టుకూ ఇల్లు ఎందుకు అంటుకోవడం లేదు?

ఫ్యూజు, ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే దానంతటదే సరఫరా తెంచే స్విచ్చు) ఉన్నది అందుకే. ఎంసీబీ లోపల ఒక చిన్న తీగచుట్ట ఉంటుంది. ప్రవాహం హఠాత్తుగా పెరగగానే అది అయస్కాంతంలా మారి మీటను లాగేస్తుంది. మీ బోర్డులోని ఎంసీబీ ముఖం మీద ‘సి10’, ‘సి16’ వంటి గుర్తులు చూడండి. సి10 అంటే 10 ఆంపియర్లది. దానికి అయిదు నుంచి పది రెట్లు, అంటే 50 నుంచి 100 ఆంపియర్ల మధ్య ఎక్కడో తక్షణం తెగుతుంది. మన లెక్కలో వచ్చింది 230 కనుక సెకనులో నూరో వంతు అటూ ఇటూగా సరఫరా ఆగిపోతుంది. పూత మాడడానికి అర సెకను కావాలి, ఎంసీబీకి అందులో యాభయ్యో వంతు చాలు. పందెంలో గెలుపు దానిదే. అక్కడే చిన్న పెట్టెలాంటి గీతల మధ్య ‘6000’ అనో ‘10000’ అనో ఉంటుంది. అన్ని ఆంపియర్ల షార్టునైనా తాను పేలిపోకుండా తెంచగలనని దాని అర్థం.

అందువల్ల సరైన ఎంసీబీ ఉన్న ఇంట్లో షార్ట్ సర్క్యూట్ అంటే చిన్న శబ్దం, గోడ మీద ఒక నల్ల మచ్చ, ఎలక్ట్రీషియన్‌కు ఒక ఫోను. ఇల్లే కాలిపోయిందంటే ఆ కాపలా లేకుండా పోయిందన్నమాట, లేదా కాపలాకు కనబడని దారిలో ప్రమాదం వచ్చిందన్నమాట.

ఫ్యూజు తరచూ పోతోంది. కాస్త లావు తీగ వేస్తే తప్పేమిటి?

తప్పే. ఇంత కటువుగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. పింగాణీ ఫ్యూజులు ఇప్పటికీ ఉన్న ఇళ్లలో నేను చూసే దృశ్యం ఒకటే: పాత వైరు ఒలిచి, అందులోని రాగి పోచలన్నీ కలిపి మెలిపెట్టి బిగించి ఉంటాయి. ఫ్యూజు తీగ సన్నగా ఉండడానికి కారణముంది. ఇంట్లోని తీగలకన్నా ముందే అది కరిగిపోవాలి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను ఫ్యూజుగా వేస్తే వంద ఆంపియర్లు దాటినా అది కరగదు. ఈలోగా గోడలో ఉన్న అదే మందం తీగ ఎర్రగా కాలుతుంది. ఇల్లంతా ఫ్యూజుగా మారిపోతుంది.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే అది ఏదో చెబుతోంది. కారణం వెతకాలి గాని దాని నోరు నొక్కకూడదు.

మా ఇంట్లో అన్నీ ఎంసీబీలే. ఇక భయం లేదు కదా?

నేను అందరికంటే ఎక్కువగా బతిమాలి చెప్పేది ఈ ప్రశ్న అడిగేవారికే. ఎంసీబీకి షార్ట్ సర్క్యూట్ బాగా కనబడుతుంది. ఓవర్‌లోడ్, అంటే తీగ మోయగలిగినదాని కన్నా ఎక్కువ కరెంటు, ఆలస్యంగా కనబడుతుంది. వదులు అతుకు అసలు కనబడదు.

ముందు ఓవర్‌లోడ్. ఎంసీబీలో అయస్కాంతంతో పాటు రెండు లోహాల పట్టీ ఒకటి ఉంటుంది. ఎక్కువ కరెంటు పారితే అది మెల్లగా వేడెక్కి, వంగి, మీటను తప్పిస్తుంది. ‘మెల్లగా’ అన్న మాట గుర్తుంచుకోండి. ప్రమాణాల ప్రకారం 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్ల దగ్గర గంటసేపైనా తెగకూడదు. 23 ఆంపియర్లు దాటినప్పుడు కూడా తెగడానికి గంట వరకు పట్టవచ్చు. కొత్తగా ఏసీ కొన్నాం, ఉన్న తీగకే కలిపేశాం, ఎంసీబీ తెగుతోందని దాన్ని తీసి 32 ఆంపియర్లది పెట్టించాం అనుకోండి. లావు ఫ్యూజు తీగ కథే మళ్లీ. తీగను బట్టి ఎంసీబీ ఉండాలి, మనం కొన్న సామాను బట్టి కాదు. ఏసీకో గీజరుకో మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 లేదా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగించడమే దారి.

ఇక వదులు అతుకు. నా దృష్టిలో దొంగల్లోకెల్లా పెద్ద దొంగ ఇదే. సాకెట్టు వెనక స్క్రూ సరిగా బిగించకపోయినా, అల్యూమినియం తీగను రాగి తీగతో మెలిపెట్టి టేపు చుట్టినా ఆ చోట నిరోధం పెరుగుతుంది. అక్కడ అర ఓమ్ ఉందనుకుందాం. గీజరు తీసుకునే 8.7 ఆంపియర్లు అందులోంచి వెళితే 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో బాగుచేసేవారు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే! అలాంటిదొకటి మీ స్విచ్చు బోర్డు లోపల, గీజరు వేసినంతసేపూ కాలుతున్నట్టు లెక్క. కరెంటు మాత్రం 8.7 దాటలేదు, పైగా కాస్త తగ్గింది. ఎంసీబీకి తప్పేమీ కనబడదు. ఫ్యూజుకూ కనబడదు. రోజూ కొంచెం కొంచెంగా పూత మాడి, చివరికొక నాడు రెండు తీగలు తగులుకుంటాయి. అప్పుడు ఎంసీబీ తెగినా, మంట అంతకుముందే అంటుకుని ఉండవచ్చు. కాలిన ఇంట్లో తీగలు కలిసిపోయి కనబడతాయి కనుక వార్తలో ‘షార్ట్ సర్క్యూట్’ అని వస్తుంది. అసలు కథ మొదలైంది సగం బిగించి వదిలేసిన స్క్రూ దగ్గర.

ఇది మా ఇంట్లోనే జరిగింది. స్నానాల గది బయట రెండు మూడు రోజులుగా చేపల నీచులాంటి వాసన వస్తోందని మా ఆవిడ చెబితే మురుగు గొట్టం అనుకున్నాను. నాలుగో రోజు గీజరు సాకెట్టు మీద చెయ్యి వేస్తే కాలింది. విప్పి చూస్తే న్యూట్రల్ తీగ పూత అంగుళం మేర బొగ్గయింది. స్క్రూ వేలితో తిప్పితే తిరిగింది. ఈ పనిలో ఇన్నేళ్లున్నా, వేడెక్కిన ప్లాస్టిక్కు అలాంటి వాసన రావచ్చని ఆ పూట తట్టలేదు. కారణం తెలియని నీచు వాసన వస్తే మురుగు గొట్టాల కన్నా ముందు సాకెట్లు చూడండి.

ఎర్త్ ఫాల్టు, షాకు కూడా షార్ట్ సర్క్యూటేనా?

తీగ తెగో, పూత చెడో ఫ్రిజ్ ఇనుప ఒంటికి తగిలితే అది ఎర్త్ ఫాల్టు. ఎర్తింగ్ బాగుంటే కరెంటు భూమిలోకి వెళ్లి ఎంసీబీ తెగవచ్చు. ఎర్తింగ్ లేకపోతే ఫ్రిజ్ ఒంట్లో కరెంటు అలాగే కాచుక్కూర్చుంటుంది, ముట్టుకున్న మనిషిలోంచి భూమిలోకి దిగుతుంది. అది విద్యుదాఘాతం. మనిషి ఒంటి నిరోధం ఎక్కువ కనుక ఆ ప్రవాహం షార్ట్ సర్క్యూట్‌తో పోలిస్తే చాలా చిన్నది. ప్రాణం తీయడానికి మాత్రం అంత చిన్నదే చాలు.

అయితే ఆర్‌సీసీబీ ఎందుకు?

ఆ షాకు నుంచి కాపాడడానికే. ఇదీ బోర్డులో ఉండే ఒక స్విచ్చే. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది నిరంతరం సరిచూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే తెంచేస్తుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ గమనించేదానిలో ఇది 500వ వంతు కన్నా తక్కువ. ఫేజ్, న్యూట్రల్ తగులుకున్న షార్టును మాత్రం ఆర్‌సీసీబీ పట్టించుకోదు, వెళ్లిందంతా తిరిగి వస్తోంది కాబట్టి. అందుకే రెండూ కావాలి. దాని మీద ‘టి’ అని రాసిన చిన్న మీట ఉంటుంది. అప్పుడప్పుడు నొక్కి చూడండి. తెగకపోతే మార్పించండి.

తీగల పూత ఎందుకు పాడవుతుంది?

వయసు, వేడి, తేమ, ఎలుకలు. వీటితో పాటు మన చేతులు కూడా. ఫొటో తగిలించడానికి కొట్టిన మేకు గోడలోని గొట్టాన్ని చీల్చుకుని తీగల మధ్యకు దిగడం చాలాచోట్ల చూశాను. స్విచ్చు బోర్డుకు సరిగ్గా పైనా కిందా మేకులు కొట్టకండి, తీగలు సాధారణంగా ఆ దారినే దిగుతాయి. తలుపు సందులోంచి లాగిన ఎక్స్‌టెన్షన్ తీగ, తివాచీ కింద నలిగే తీగ కూడా ఇదే కోవలోవి. తీగ కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 694 అన్న అంకె ఉందో లేదో చూడండి.

ప్లగ్గు పెట్టేటప్పుడు చిన్న మెరుపు వస్తుంది. అది షార్టా?

ల్యాప్‌టాప్ ఛార్జర్ వంటివాటికి మొదటి క్షణంలో కరెంటు కాస్త ఎక్కువ లాగే స్వభావం ఉంటుంది. స్విచ్చు ఆపి ప్లగ్గు పెడితే ఆ మెరుపు కనబడదు. మెరుపు తరచూ వస్తున్నా, చిటపట శబ్దం ఉన్నా, సాకెట్టు నల్లబడినా వాడడం ఆపి చూపించండి.

మంటల్లో కాలడం వల్లే ప్రాణాలు పోతాయా?

చాలా సందర్భాల్లో మంట కన్నా ముందు పొగ చంపుతుంది. పీవీసీ కాలితే గొంతును, ఊపిరితిత్తులను కోసే హైడ్రోజన్ క్లోరైడు వస్తుంది. వాసన లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలో ఉన్నవారిని నిద్రలోనే తీసుకుపోతుంది.

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జల విద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. షార్ట్ సర్క్యూటేనని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. తొమ్మిది మంది చనిపోయారు. కరెంటు గురించి ఏమీ తెలియనివారు కారు వారు, ఏడుగురు ఆ కేంద్రంలో పనిచేసే ఇంజినీర్లు, సిబ్బంది, ఇద్దరు బ్యాటరీ కంపెనీ ఉద్యోగులు. సొరంగాన్ని నింపేసిన పొగలోంచి బయటపడలేకపోయారు. 2025 మే 18 తెల్లవారుజామున హైదరాబాద్ చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్ ప్రాంతంలో ఒకే భవనంలో 17 మంది పోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. అక్కడా షార్ట్ సర్క్యూటే కారణమని అనుమానించారు. అక్కడా ప్రాణాలు తీసింది ప్రధానంగా పొగే. ఆ రోజు వార్తలు చూశాక మా వాడలో మెట్ల కింద మీటర్ల పెట్టె పక్కనే బైకులు నిలిపే ఇళ్లు ఎన్నో లెక్కపెట్టాను. పదకొండు. మెట్లు ఒక్కటే దారి అయిన ఇంట్లో ఆ మెట్ల కిందే నిప్పు పుడితే పైవాళ్లు ఎటు వెళ్లాలి? దయచేసి ఈ ఒక్కటి ఇవాళే మార్చండి.

మంట వస్తే ఏం చేయాలి?

చేయి అందితే మెయిన్ ఆపండి. అందకపోతే దాని కోసం పొగలోకి వెళ్లకండి. కరెంటు ఉన్న మంట మీద నీళ్లు పోయకండి, నీళ్లలోని లవణాల గుండా కరెంటు మీదాకా రాగలదు. చిన్న మంటయితే పొడి ఇసుక, లేదా కార్బన్ డయాక్సైడు, డ్రై పౌడర్ సిలిండర్ వాడవచ్చు. గది తలుపు మూసి, పొగలో వంగి, నేలకు దగ్గరగా కదలండి. అందరూ బయటికి వచ్చాక 101కి గాని 112కి గాని ఫోను చేయండి. లిఫ్టు ఎక్కకండి.

పొలాల మీదుగా పోయే లైన్లతో కూడా ఈ ప్రమాదం ఉందా?

ఉంది. స్తంభాల మధ్య తీగలు వేలాడిపోతే గాలికి ఒకదానికొకటి కొట్టుకుని అల్యూమినియం నిప్పురవ్వలు రాలతాయి. కింద గడ్డివాము ఉంటే చాలు. లైను కింద వాము వేయకండి. తీగలు వేలాడుతుంటే లైన్‌మన్‌కు చెప్పి బిగించమనండి, స్తంభాల మధ్య తీగలు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా పట్టి ఉంచే స్పేసర్లు పెట్టమనండి.

ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజుల గురించి రైతు సోదరులకు ఒక్క మాట. నీళ్ల తడికి వేళ మించిపోతోందని, లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక మీరే ఫ్యూజు వేయడానికి వెళ్లకండి. పైన ఉన్నది 11 వేల వోల్టులు. దాన్ని ముట్టుకోనవసరం లేదు, మరీ దగ్గరికి పోతే చాలు.

బ్యాటరీ 12 వోల్టులేగా, దానితో ఏం ప్రమాదం?

షాకు కొట్టకపోవచ్చు. షార్టయితే మాత్రం కారు బ్యాటరీగాని, ఇన్వర్టర్ బ్యాటరీగాని వందల ఆంపియర్లు ఇవ్వగలదు, దాని లోపలి నిరోధం అంత తక్కువ. రెండు కొనల మధ్య స్పానర్ పడితే అది ఎర్రగా కాలుతుంది. చేతికి ఉంగరమో కంకణమో ఉండి అది తగిలితే వేలు మాడిపోతుంది. ఇన్వర్టర్‌లో నీళ్లు పోసే ముందు వాటిని తీసి పక్కన పెట్టండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి బ్యాటరీ ఉన్నచోట గాలి ఆడాలి.

ఫోన్లు, ఎలక్ట్రిక్ స్కూటర్లలోని లిథియం బ్యాటరీల్లో షార్టు లోపలే జరగవచ్చు. అప్పుడు ఏ ఎంసీబీ కూడా తెంచలేదు. ఉబ్బిన ఫోను బ్యాటరీని నొక్కి చూడకండి. స్కూటర్‌ను రాత్రిపూట బయటికి వెళ్లే దారికి అడ్డంగా పెట్టి ఛార్జ్ చేయకండి.

చవితి పందిట్లో దీపాలు మేమే కడతాం. ఏం జాగ్రత్తలు?

ఇనుప గొట్టాల మీద తీగలు చుట్టకండి. టేపు అతుకులు వానలో నిలవవు. స్తంభానికి కొక్కెం వేసి కరెంటు తీసుకుంటే దానికి ఫ్యూజు ఉండదు, షార్టయితే తెంచేవారే ఉండరు. తాత్కాలిక కనెక్షన్ తీసుకుని, ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఉన్న చిన్న బోర్డు ద్వారానే దీపాలకు ఇవ్వండి.

ఎంసీబీ తెగితే మళ్లీ పైకి వేయవచ్చా?

ఒక్కసారి వేయవచ్చు, అదీ కాలిన వాసన ఏమీ లేకపోతేనే. ముందు ఆ లైనులోని స్విచ్చులన్నీ ఆపి, ప్లగ్గులన్నీ తీసేయండి. అప్పుడు వేసినా వెంటనే తెగితే లోపం గోడలోని తీగలో ఉంది, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. నిలబడితే ఒక్కొక్కటే కలుపుతూ రండి. ఏది కలపగానే టప్పున తెగిందో షార్టు అందులో ఉంది. అన్నీ నడుస్తూ పది నిమిషాలకో అరగంటకో తెగితే అది ఓవర్‌లోడ్. మాటిమాటికీ మీట ఎత్తకండి. ఎత్తిన ప్రతిసారీ ఆ వందల ఆంపియర్లను అదే చెడిన చోటికి మళ్లీ పంపుతున్నట్టే.

అద్దె ఇంట్లో ఉన్నాం. వైరింగ్ మా చేతుల్లో లేదు. మేం చేయగలిగింది ఏమిటి?

గీజరు, ఏసీ ఓ అరగంట నడిచాక స్విచ్చు ఆపి, ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చన ఫరవాలేదు, కాలితే వాడడం ఆపండి. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇస్త్రీపెట్టె, కెటిల్ కలిపి పెట్టకండి. మెయిన్ ఎక్కడుందో పిల్లలతో సహా అందరికీ చూపించండి. పెద్ద వైరింగ్ మార్చమంటే యజమాని ఒప్పుకోకపోవచ్చు. సాకెట్లన్నిటి వెనకా స్క్రూలు బిగించడానికి మాత్రం ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని, ఆ కూలి మీరే పెట్టుకోగలరు. పని జరుగుతున్నప్పుడు పక్కన నిలబడి చూడండి. ఎన్ని స్క్రూలు వదులుగా తిరిగాయో లెక్కపెట్టి, ఆ లెక్క యజమానికి చెప్పండి.